బిగించిన కొళాయి

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పలేను. ఉద్దానంలో జీడితోటల మధ్య పెరిగినవాణ్ణి. పొద్దుగూకాక ఏ తోటలోంచి నడవకూడదో, ఏ మలుపులో ఎవరు నిలబడి ఉంటారో మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ చెప్పేవారు. ఆ తోటల్లోంచే ట్యూషన్‌కి వెళ్లి వచ్చేవాణ్ణి. నాకెప్పుడూ ఏమీ కనపడలేదు. తర్వాత టెక్కలిలో ఒక కాలేజీ లైబ్రరీలో చాలాకాలం పనిచేశాను. ఇలాంటి అనుభవాలు రాసిన పుస్తకాలు చాలానే చదివి, అవతల పెట్టాను. రాసినవాళ్లందరూ చివరికి ఒకే మాట దగ్గర ఆగుతారు. ఆ మాట నేనూ రాయాల్సి వస్తుందనుకోలేదు.

మా అక్క దమయంతి పోయినప్పుడు కూడా నా అభిప్రాయం మారలేదు. దినాలు కాకముందే బంధువుల్లో చాలామందికి ఆమె కలలో కనపడింది. మా చిన్నాన్న కోడలికి కనపడింది. మాకు పాలు పోసే మనిషికి కూడా కనపడిందట. నాకు మాత్రం ఒక్క కల రాలేదు. నమ్మకం లేనివాడు ఇందుకు కష్టపెట్టుకోకూడదు. కానీ కష్టంగానే ఉండేది.

అక్కది వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లి నన్ను చదివించింది. ఆ చుట్టుపక్కల ఎంతోమందికి వచ్చినట్టే ఆమెకీ కిడ్నీల జబ్బు వచ్చింది. డయాలసిస్‌కి పలాస రావాలి కాబట్టి మేం పలాసలో ఇల్లు అద్దెకు తీసుకుని ఆమెను మా దగ్గరే ఉంచుకున్నాం. నేను రోజూ అక్కణ్ణుంచి టెక్కలి బస్సెక్కేవాణ్ణి. నా భార్య సుజాత మా మేనమామ కూతురు, అందుకని అక్క ఆమెకు చిన్నప్పటినుంచీ వదినే. మా అమ్మాయి హాసిని నడక నేర్చుకుంది వాళ్లత్త చెయ్యి పట్టుకునే.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నీళ్లు కొలిచి ఇవ్వాలి. తాగిన నీరు బయటికి పోదు. కాళ్లు వాస్తాయి, ఊపిరాడదు. అక్క ఒక స్టీలు గ్లాసు పక్కన పెట్టుకుని కొద్దికొద్దిగా గుటక వేసేది. మరీ దాహమైతే ఐసు ముక్క నోట్లో పెట్టుకునేది. వీటన్నిటికీ అలవాటు పడింది. కొళాయి కారే చప్పుడికి మాత్రం పడలేదు.

"ఆ సప్పుడు ఇనీసరికి నాలిక పిడసకట్టీస్తాదిరా తమ్ముడా. తాగితే సస్తానంటారు. మరి ఇనిపించడమెందుకు?" అనేది.

ఇంట్లో ఎక్కడ చుక్క కారినా లేచి వెళ్లి బిగించేది. సూదులు గుచ్చి గుచ్చి ఎడమ చెయ్యి ఉబ్బిపోయి ఉండేది. కుడిచేత్తో తిప్పేది. మనిషి సగమైపోయినా ఆ చేతి పట్టు తగ్గలేదు. ఆమె బిగించిన కొళాయిని విప్పాలంటే తువ్వాలు చుట్టి రెండు చేతులతో తిప్పాల్సిందే. లోపలి వాషర్లు తెగిపోయేవి. ఎన్ని మార్చానో లెక్కలేదు.

"కాస్త సిన్నగా తిప్పు వదినా. నీ తమ్ముడు లైబ్రరీ మానీసి వాసర్ల కొట్టు పెట్టుకోవాలి" అని సుజాత ఏడిపించేది.

"పెట్టుకుంటే మంచిదే. పుస్తకాలు సర్దుకోడం తప్ప ఇంకేటొచ్చు ఆడికి" అని అక్క.

అక్క సంవత్సరీకం అయ్యాక కెనడా వచ్చాం. మైదానాల మధ్య చిన్న ఊరు. సుజాత పలాసలో నర్సు, ఇక్కడ ముసలివాళ్లను చూసుకునే ఒక హోములో పని దొరికింది. నాకు ఫర్నిచర్ గోదాములో దొరికింది. మేం అద్దెకు దిగిన ఇల్లు బాగా పాతది. వంటగది వెనకవైపు తర్వాత ఎప్పుడో కట్టారు. ఇల్లంతటికీ నీళ్లు తెచ్చే గొట్టం అక్కడ బయటి గోడనానుకుని వస్తుంది. ఇంటాయన చలికాలమంతా వెచ్చటి చోట గడపడానికి వెళ్లిపోతూ, మమ్మల్ని సింకు దగ్గర నిలబెట్టి చన్నీళ్ల కొళాయిని పెన్సిలు ముల్లంత సన్నటి ధారగా తిప్పి చూపించాడు. డిసెంబరులో చలి ముదిరాక పగలూ రాత్రీ అలాగే వదిలేయాలి. కదిలే నీరు గడ్డకట్టదు. ఆపితే గొట్టంలో గడ్డకట్టి గొట్టమే పగులుతుంది.

ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టినవాళ్లకి ఇది మనసొప్పే పని కాదు. సుజాత ధార కింద గిన్నె పెట్టేది. నిండాక ఏం చెయ్యాలో తెలియక కాసేపు చూసి పారబోసేది.

ఆ క్రిస్మస్ నెల నాకు మొదటినుంచీ చిరాకుగానే గడిచింది. గోదాములో పని రెట్టింపు. నాలుగు దాటితే చీకటి. బస్సులు తగ్గించేశారు. స్కూలు నుంచి హాసిని రోజుకొక కోరిక తెచ్చేది. ఒకరోజు ఎర్ర స్వెటరు, ఒకరోజు అందరికీ ఇవ్వడానికి చిన్న కానుకలు, ఒకరోజు చెట్టు. ఎదురైన ప్రతివాడూ సంతోషంగా ఉండమంటాడు. ఉండాలంటే ఎలాగో ఎవరూ చెప్పరు.

సెలవులకి ముందు వారం ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి తల్లీకూతుళ్లు ముందుగదిలో చెట్టుకి కాగితం నక్షత్రాలు కడుతున్నారు. వంటగదిలో చప్పుడు లేదు. వెళ్లి చూస్తే కొళాయి ఆగి ఉంది. తిప్పితే కదల్లేదు. తువ్వాలు తెచ్చి చుట్టి రెండు చేతులతో తిప్పాను. నీరొచ్చింది. తువ్వాలు కోసం చెయ్యి దానంతటదే వెళ్లిన సంగతి ఆ క్షణాన గమనించలేదు.

హాసినిని కోప్పడ్డాను.

"నేను ముట్టలేదు నాన్నా. స్టూలెక్కితేగానీ నాకందదు కదా" అంది. స్టూలు దాని గదిలోనే ఉంది.

అయినా స్టూలు తెచ్చి దాన్ని ఎక్కించి, బలమంతా పెట్టి ఆపమన్నాను. అది పళ్లు బిగించి తిప్పింది. నీరు చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంది. సుజాత గుమ్మంలో నిలబడి చూసింది.

"అయిపోయిందా నీ పరీక్ష? పిల్ల కాదని తేలిందా?" అని దాన్ని దింపి తీసుకుపోయింది.

రెండోసారి ఆగినప్పుడు ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం, ముందుగదిలో చదువుకుంటూ ఉండగా ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించి వెళ్లి చూశాను. మళ్లీ తువ్వాలు తేవాల్సి వచ్చింది. సుజాత వచ్చాక చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఆమె అన్నం తిన్నాక అంది. "కోప్పడకు బావా. నీకు తెలీకుండా నువ్వే ఆపీత్తన్నావేమో. మా హోములో ముసలోళ్లు ఇలాగే సేస్తారు. సేసింది గుర్తుండదు, సెయ్యలేదని ఒట్టేస్తారు."

"నేనేం ముసలాణ్ణా?"

"వదిన పోయిన కాణ్ణుంచి నువ్వు ఒక్కసారైనా ఏడిసినావా? అదెక్కడికి పోతాది? డాక్టరుకి సూపిద్దాం."

అంతటితో ఆగితే బాగుండేది. పండగరోజు ఆమెకు డ్యూటీ ఉంది. ఆ పూట హాసినిని నాకు వదిలి వెళ్లాలి. కానీ దాన్ని తనతో పనిచేసే ఒకావిడ ఇంట్లో ఉంచుతానని అప్పటికే మాట్లాడేసిందట. నా కూతుర్ని నా దగ్గర వదలడానికి నా భార్యకి ధైర్యం చాలలేదు. కొళాయి నేను ఆపలేదని రుజువు చెయ్యడం ఎలాగో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఒక రాత్రి నా కుడి అరచేతిలో ఒత్తిన గుర్తు ఏమైనా ఉందేమోనని నేనే దీపం కింద పెట్టి చూసుకున్నాను.

పండగ ముందు రోజు సాయంత్రం పక్కింటాయన వాళ్ల చర్చిలో పాటలకి రమ్మన్నాడు. బయల్దేరేముందు సుజాత నన్నూ హాసినినీ బయటికి పంపి తాను వెనక ఉండిపోయింది. మంచు కురుస్తోంది. మేం పక్కింటాయన కారు దగ్గర నిలబడి ఉండగా తలుపు తాళం వేసి చెవి తన సంచిలో వేసుకుంది.

"ధార వదిలే ఉంది. నేను సూసే వచ్చినాను" అంది. అది పరీక్ష అని నాకు అర్థమైంది. కోపమొచ్చింది, నిశ్చింతగానూ ఉంది.

చర్చిలో హాసిని వచ్చిన పాటలు పాడింది, రానివి పెదాలు కదిపింది. నేను సుజాత పక్కనుంచి లేవలేదు. తిరిగి వచ్చేసరికి మెట్ల మీద కొత్త మంచు చెక్కుచెదరకుండా ఉంది. వెనక తలుపు దగ్గరా అంతే. ఆ సంగతి అప్పుడే టార్చి వేసి చూశాను. తాళం సుజాతే తీసింది, నాకన్నా ముందు వంటగదిలోకి వెళ్లింది.

కొళాయి ఆగి ఉంది.

ఆమె తిప్పబోయింది. కదల్లేదు. కొంగుతో పట్టుకున్నట్టుగా కోటు అంచు చుట్టి తిప్పింది, అయినా కదల్లేదు. తర్వాత పక్కకి జరిగి నా వైపు చూసింది. ఆ చూపులో ఇంతకుముందున్న అనుమానం లేదు. నేను తువ్వాలు చుట్టి విప్పాను. ఈసారి నీరు రాలేదు. గొట్టంలో నీళ్లు గడ్డకట్టేశాయి.

తర్వాతదంతా విసుగే. ఇంటాయన ఫోను తియ్యలేదు. ప్లంబరు ఫోనులో రికార్డు చేసిన గొంతు పండగ శుభాకాంక్షలు చెప్పి, సెలవులయ్యాక చెయ్యమంది. ఇంకో ప్లంబరుదీ అదే. వాకిట్లోంచి మంచు బకెట్లతో తెచ్చి పొయ్యి మీద కరిగించాం. బకెట్టు మంచు కరిగితే చెంబుడు నీళ్లు వస్తాయి. అక్కకి రోజుకి కొన్ని ఐసు ముక్కలు. ఇక్కడ వాకిలంతా అదే.

ఈ గొడవలో ఇంకొకటి జరిగింది. హాసిని స్కూల్లో చెప్పారని శాంటా కోసం గ్లాసుడు పాలు, బిస్కెట్లు చెట్టు దగ్గర పెట్టి పడుకుంది. పిల్లలు పడుకున్నాక వాటిని పెద్దవాళ్లు తాగేయాలట. మాకు తెలియదు. పొద్దున్నే అది లేచి నిండు గ్లాసు పట్టుకుని వచ్చి, "ముట్టనే లేదు" అంది. మేం కొన్న బొమ్మ ఇచ్చినా ముఖం విప్పలేదు.

సుజాత ఆ రోజు డ్యూటీ మార్పించుకుంది. హాసినిని ఎవరింటికీ పంపలేదు. ఆ ప్రస్తావన మళ్లీ తేలేదు. పక్కింటాయన ఎర్రటోపీతోనే వచ్చి హెయిర్ డ్రయ్యరు ఇచ్చి వెళ్లాడు. సింకు కింద బోర్లా పడుకుని గొట్టం పొడుగునా వేడిగాలి పట్టాను. మధ్యాహ్నం దాటాక కొళాయి దగ్గి, ఉమ్మి, చివరికి ధార కట్టింది. గొట్టం పగల్లేదు. అదే అదృష్టం.

నేను ఇంకా నేల మీదే ఉన్నాను. సుజాత సింకు దగ్గరికొచ్చి ధార సన్నం చేసింది. తర్వాత, పక్కగదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు, మామూలు గొంతుతో అంది.

"వదినా, ఇది పలాస కాదు. ఇక్కడ నీరు ఆపీకూడదు. గొట్టం పగిలిపోతాది. ఆ సప్పుడు నీకు కష్టమని నాకు తెలుసు. అయినా ఒగ్గీ. సిన్నపిల్లతో ఉన్నోళ్లం."

చెయ్యి తుడుచుకుని బియ్యం కొలవడానికి వెళ్లిపోయింది.

నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఎందుకో వెంటనే తెలియలేదు. అక్క పోయినప్పటినుంచీ నేను ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. లేని మనిషితో మాట్లాడడం ఏమిటన్నదే నా వాదన. సుజాత అంత తేలిగ్గా మాట్లాడేసింది. నా మీద అనుమానం పోయాక ఆమెకు దొరికిన దారి అది. నాకు ఆ దారి కూడా లేదు.

ఆ తర్వాత చలికాలం మొత్తం కొళాయి ఒక్కసారి కూడా ఆగలేదు.

కారణాలు వెతకలేదని అనుకోవద్దు. వదులైన కొళాయి తనంతట తాను ఇంకా వదులవుతుంది, బిగుసుకోదు. ఇంటికి రెండో తాళంచెవి ఇంటాయన దగ్గర ఉంది, ఆయన దేశంలోనే లేడు. మార్చిలో కొళాయి విప్పి చూశాను. వాషరు అంచుల వెంబడి గుండ్రంగా తెగి ఉంది. పాత ఇల్లు కాబట్టి ఎప్పటినుంచో అలా ఉండి ఉండవచ్చు. అలా తెగిన వాషర్లు నేను చాలా చూశాను. కొత్తది వేశాను. ఆ పుస్తకాలు రాసినవాళ్లందరూ ఆగే మాట దగ్గరే నేనూ ఆగాను: ఇంతకుమించి నాకేమీ తెలియదు. సుజాతను అడిగితే "ఇప్పుడెందుకవన్నీ" అంటుంది.

నన్ను విసిగించే సంగతి వేరే ఉంది. వచ్చింది అక్కే అనుకుందాం. అంతదూరం వచ్చి కొళాయి ఆపి వెళ్లింది. తమ్ముడు ముందుగదిలో కూర్చుని చదువుకుంటున్నాడు. అటు రాలేదు.

ఇప్పుడు చలి తగ్గింది. నీళ్లు వదిలే అవసరం లేదు. అయినా కొన్ని మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు కొళాయిని సన్నంగా వదిలి, తాళం వేసి, వీధి చివరిదాకా నడిచి వస్తాను. తలుపు తీసి కాసేపు గుమ్మంలోనే నిలబడి వింటాను. ప్రతిసారీ కారుతూనే ఉంటుంది. వెళ్లి నేనే ఆపుతాను.