ఆగకుండా పెరిగిన స్వెటరు

కొత్త రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 2001 వేసవిలో, భిలాయిలోని ఒక ఆసుపత్రి పాథాలజీ ల్యాబ్‌లో జూనియర్ టెక్నీషియన్‌గా చేరాను. పాప పుట్టాక మానేశాను. పాప నిద్రపోయాక ఇప్పుడు కూర్చుని రాస్తున్న ఈ సంగతి ఆ ఉద్యోగంలో నా రెండో చలికాలం నాటిది. ఉద్యోగం పోయినా దాని జబ్బు పోలేదు. పాప వీపు మీద చిన్న దద్దురు కనిపించినా టార్చిలైటు వేసి చూస్తాను. దోమ కుట్టిందని మా ఆయన అంటే, ఏ దోమో చూపించమంటాను.

ల్యాబ్‌లో నా పని సులువుగానే చెప్పవచ్చు. గడ్డ ఉన్నవాళ్లు వస్తే డాక్టరు సన్నని సూదితో అందులోంచి కాసిన్ని కణాలు లాగుతారు. ఆ చుక్కను గాజుపలక మీద పల్చగా పరిచి, ఆరిపోకముందే స్పిరిట్‌లో ముంచి, తర్వాత రంగు వేసేదాన్ని. మైక్రోస్కోపులో చూసి జబ్బుకు పేరు పెట్టడం మా పైఅధికారి మేడమ్ వంతు. టెక్నీషియన్ కంటికి ఏం కనిపించినా నోరు మెదపకూడదు. ఎవరి గడ్డ సంగతీ బయట మాట్లాడకూడదు.

ఉక్కు కర్మాగారం కాలనీ సెక్టర్ 4లో మా పై క్వార్టర్‌లో రత్నం పిన్ని ఉండేది. మాకు చుట్టం కాదు. మా అమ్మలాగే విజయనగరం వైపు నుంచి పెళ్లి చేసుకుని వచ్చింది. ఒక సాయంత్రం వచ్చి, తలుపు వేసి, రొమ్ములో గట్టిగా ఏదో తగులుతోందని, నొప్పి మాత్రం లేదని చెప్పింది. మర్నాడే ఆసుపత్రికి రమ్మన్నాను.

"ఇప్పుడేటే తొందర? వేసవిలో సుజాత పెళ్లి కానియ్యి. తల్లికుంటే పిల్లకీ వస్తాదని సరోజిని వదిన సంబంధం వదిలీస్తే నానేటి సెయ్యను?"

సుజాత ఆమె కూతురు. సరోజినిగారు కాబోయే వియ్యపురాలు. స్మృతి నగర్‌లో ఉండేవారు. మా చర్చి స్త్రీల కూటమికి ఆవిడే అధ్యక్షురాలు. ఆవిడ ఎదుట దగ్గు వచ్చినా ఆపుకునేవాళ్లం. మనం వేసవి దాకా ఆగినా ఆ గడ్డ ఆగదు కదా అని చెప్పి చూశాను. తన పేరు ఎవరి దగ్గరా ఎత్తనని పిన్ని నా చేత ఒట్టు వేయించుకుని వెళ్లిపోయింది.

పేరు చెప్పకుండా మేడమ్‌కు సంగతి చెప్పాను. అప్పటికే మా కూటమి వాళ్లు కేన్సర్ మీద ఎవరైనా వచ్చి మాట్లాడాలని ఆవిడను అడిగి ఉన్నారు. ఆవిడకు తెలుగు రాదు. "నువ్వే వెళ్లు, భయపెట్టకుండా చెప్పు" అన్నారు హిందీలో.

చలికాలంలో మా కూటమి చర్చి ఆవరణలో ఎండ పడే చోట జరిగేది. ప్రార్థన ముగియగానే అందరి సంచుల్లోంచి ఉన్ని ఉండలు బయటికి వచ్చేవి. సముద్రం పక్క ఊళ్లలో స్వెటరు ఎరగని మా అమ్మలు ఇక్కడి హిందీ వాళ్ల దగ్గర అల్లిక నేర్చుకున్నారు. అందుకే మాకు ప్రార్థన తెలుగులో, స్వెటరు హిందీలో. సూది మీది ఒక్కో ముడినీ ఫందా అంటారు. చంకల దగ్గరికి వచ్చేసరికి ఫందాలు తగ్గించాలి.

నేను డీఎన్‌ఏ బొమ్మ వేసిన చార్టు తగిలించాను. ముందు వరసలో కూర్చున్నావిడ ఆ మెలికల బొమ్మను శ్రద్ధగా చూసి, ఈ జడ డిజైనుకి ఎన్ని ఫందాలు వేస్తారని అడిగింది. చార్టు చుట్టేశాను.

అప్పుడు నా కళ్లు సరోజినిగారి ఒళ్లోకి వెళ్లాయి. కొడుకు కోసం అల్లుతున్న స్వెటరు వెనక భాగం అది. కబుర్లలో పడి చంకల దగ్గర ఫందాలు తగ్గించడం మరిచారు. అది అలా పైపైకి పోతూనే ఉంది. అందరూ చూశారు, ఎవరికీ చెప్పే ధైర్యం లేదు. నేను వెళ్లి ఆ స్వెటరు ఒకసారి ఇమ్మన్నాను. అందరికీ కనిపించేలా దాన్ని ఎత్తి పట్టుకున్నాను.

స్వెటరు అల్లడానికి నమూనా ఉన్నట్టే, ప్రతి కణంలోనూ ఎంత పెరగాలో, ఎక్కడ ఆగాలో చెప్పే నమూనా ఉంటుందని, అందులోని సూచనలే జన్యువులని చెప్పాను. ఒక కణం రెండయ్యే ప్రతిసారీ నమూనా అంతటికీ నకలు తయారవుతుంది. నకలులో పడే తప్పే మ్యుటేషన్. మనం వరస విప్పి మళ్లీ అల్లినట్టు, చాలా తప్పుల్ని కణమే దిద్దుకుంటుంది. దిద్దలేనంత పాడైతే సాధారణంగా తనే చచ్చిపోతుంది. ఒక్క తప్పుతో కేన్సర్ రాదు. పెరగమనే జన్యువు నోరు మూయకుండా ఉండాలి, ఆగమనేది మూగబోవాలి, తప్పులు దిద్దేది కూడా చెడాలి. ఇలాంటివి ఒకే కణం సంతానంలో ఏళ్ల తరబడి పోగుపడితే, ఆ కణాలకు చంకలు ఎక్కడో తెలియదు. పొగాకు, దాంతోనే చేసి పళ్లకు రుద్దుకునే గుడాఖు తప్పుల్ని పెంచుతాయి. ఏ కారణమూ లేకుండా పడేవి కూడా చాలా ఉంటాయి.

సరోజినిగారు స్వెటరు నా చేతిలోంచి లాక్కున్నారు.

"నమూనాని మాత్రం ఏటీ అనకు. పక్కింటి దీదీ ఇచ్చింది, పక్కా నమూనా. అదే సుజాతకీ ఇచ్చాను. చక్కగా అల్లతంది. తప్పు ఈ స్వెటర్లో పడింది, అంతే."

నేను గంటసేపు చెప్పాలనుకున్నది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు. కేన్సర్ కూడా ఎక్కువసార్లు అంతేనని అందుకున్నాను. తప్పు ఆ ఒక్క ఒంట్లో, ఆ మనిషి బతుకుతుండగా పడినది. పిల్లలకిచ్చిన నమూనాలో ఉన్నది కాదు. అక్కడితో ఆపేస్తే నాకు హాయిగా ఉండేది. కానీ కొన్ని కుటుంబాల్లో నమూనాలోనే ఒక తప్పు వస్తుందని, అలాంటిచోట దగ్గరి బంధువుల్లో చాలామందికి, చిన్న వయసులోనే జబ్బు కనబడుతుందని కూడా చెప్పాను. అప్పుడైనా మిగతా తప్పులు పడాల్సిందే. ఆ పిల్లలు ముందునుంచీ పరీక్షలు చేయించుకుంటే మంచిది.

"మావాళ్లలో ఎవళ్లకీ లేదు" అంది రత్నం పిన్ని, కూర్చున్నచోటి నుంచే. తర్వాత తల దించుకుని అంది: "నాకు గడ్డ ఉన్నాది."

అందరి సూదులూ ఆగిపోయాయి. సరోజినిగారు స్వెటరు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగారు.

"ఉంటే ఇన్నాళ్లూ ఇక్కడ కూర్చుని ఏటి చేస్తన్నావు? సోమారం నేనొస్తాను, పద. అది ముదిరాక పెళ్లి పనులన్నీ నా నెత్తిన పడీసి నువ్వు ఆస్పత్రిలో పడుకుంటానంటే ఒప్పుకోను."

సోమవారం ఇద్దరూ వచ్చారు. ఓపీ చీటీ దగ్గర క్యూ ఎందుకని సరోజినిగారు గుమాస్తాతో గొడవ కూడా పెట్టుకున్నారు. పిన్ని స్లైడుకు రంగు వేసింది నేనే. నియమం ప్రకారం నోరు మెదపలేదు. మేడమ్ రిపోర్టులో కేన్సరని రాశారు. ఇంకా బయటికి పాకలేదని తర్వాతి పరీక్షల్లో తేలింది. ఆపరేషన్, మందులు అయ్యాక, అనుకున్న వేసవికి కాకుండా ఆ తర్వాతి చలికాలంలో పెళ్లి జరిగింది. పిన్ని కొంగు తలమీదుగా కప్పుకుని నిలబడింది. జుట్టు అప్పుడప్పుడే వస్తోంది.

ల్యాబ్‌లో మేము జవాబిచ్చేది ఒక్క ప్రశ్నకే: ఇది ఏమిటి? రోగి ఇంటినుంచి తెచ్చుకునే ప్రశ్న వేరు: ఇది ఎవరి నుంచి వచ్చింది, ఎవరికి పోతుంది? దానికి జవాబు దొరికేదాకా చాలామంది మొదటి ప్రశ్న అడగడానికి రారు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, గడ్డ గురించి ఎవరు అడిగినా, పిల్లలెంతమందని ముందు అడిగేదాన్ని.