విరార్ బండిలో బోరివలి మనిషి

దామోదర్ చురికి దేవుడి మీద ఎంత భక్తో తెలీదు గానీ, విరార్ లోకల్ రైలు మీద మాత్రం అపారం. బొంబాయి చర్చ్‌గేట్‌లో బండి కదలగానే కిటికీ పక్కన సర్దుకుని, ఎవరైనా కొత్తవాడు దొరికితే పురాణం విప్పేవాడు.

"ఈ లైన్లో బొంబాయికి మొట్టమొదటి బండి ఎక్కణ్ణుంచి బయల్దేరింది? మా విరార్ నుంచి! ఆ రోజుల్లో మీ బోరివలిలో ఏముండేవి? చిరుతలు!"

ఆ చరిత్రలోంచే ఒక శాసనం పుట్టించాడు. మధ్యలో దిగే బోరివలి వాళ్ళు విరార్ బండి ఎక్కకూడదు. ఎక్కారా, రోజూ ఆయనతో విరార్ దాకా పోయే మా గుంపు, వాళ్ళని దిగనివ్వకుండా తలుపు దగ్గర గోడ కట్టేది. పాపం, ఎంతమంది పెద్దమనుషులు అన్నం డబ్బాలు గుండెలకి హత్తుకుని విరార్ దాకా ఊరేగారో!

అలాంటి చురి, హోలీ వెళ్ళగానే బోరివలిలో ఫ్లాటు కొని కాపురం మార్చేశాడు. మాతో చెబితే ఒట్టు. రోజూ సొంతిల్లు దాటిపోయి, విరార్‌లో మమ్మల్ని సాగనంపి, ఎదురు బండిలో వెనక్కి పోయేవాడట. ఇంట్లో ఆఫీసు పని వంక.

కొత్తింట్లో సత్యనారాయణ పూజ పెట్టుకున్న సాయంత్రం మాత్రం బోరివలిలో దిగక తప్పలేదు. అంధేరి దాటగానే లేచాడు.

"జరగండర్రా, దిగాలి."

"ఎక్కడ?" అన్నాడు ఎడ్విన్ తుస్కానో. మా గోడకి మూలస్తంభం అతనే.

"బోరివలి. ఇల్లు... ఇప్పుడక్కడే. పూజుంది, పురోహితుడు వచ్చి కూర్చున్నాడు."

"ఎప్పట్నుంచి, భావూ?"

"హోలీ నుంచి."

"అరె! చిరుతల్లో కలిసిపోయావా!"

"తమ్ముడూ, దండం పెడతాను, దారివ్వు."

"రూలు నువ్వు పెట్టిందే కదా. మేం తప్పితే పాపం చుట్టుకోదూ?"

ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. బోరివలి వచ్చింది, పోయింది.

విరార్‌లో ఆయన మొహం చూసి జాలేసింది. దిగబెట్టి వద్దామని గుంపంతా తిరుగు బండెక్కాం. వెళ్ళేసరికి పూజ అయిపోయింది, పురోహితుడూ వెళ్ళిపోయాడు. పీటల మీద ఆయన భార్య కుముద్ వదిన, పక్కన మొగుడుండాల్సిన చోట ఒక పోకవక్క. గుమ్మంలోనే తుస్కానో జరిగిందంతా ఒప్పేసుకున్నాడు.

"రండి" అంది వదిన మొగుడితో. "యజమాని రాకపోతే ఈ వక్కని కూర్చోబెట్టి కానిచ్చారు. బుద్ధిమంతుడు. కూర్చోమన్నచోట కూర్చున్నాడు. విరార్ పోలేదు."

చురి చెప్పులు విప్పి, మాకందరికీ షీరా, అదే రవ్వకేసరి ప్రసాదం, వడ్డించడం మొదలుపెట్టాడు. తుస్కానో రెండుసార్లు పెట్టించుకున్నాడు.