పెదనాన్న పెట్టిన ఐ.పి.

మా పెదనాన్న పోయి మూడు వారాలవుతోంది. అడిగినవాళ్లకి రేవు మెట్ల మీద జారిపడ్డారని చెబుతున్నాం. చదివే మీకు మాత్రం అబద్ధం రాయలేను. కొట్టినవాళ్ల పేర్లూ రాయను. నాకు భయం.

ఏలూరులో ఆయనింట్లో ఉండే నేను మిషన్ స్కూల్లో చదువుకుంటున్నాను. ఆయనది ధాన్యం వ్యాపారం. కొల్లేటి పల్లెల్లో అరువుకి కొని మిల్లులకి వేసేవారు. కొలిచేటప్పుడు కుంచం మీద గింజలు పోగుగా నిలిస్తే, తనే చేత్తో చదును చేసి రైతు రాశిలోకే తోసేసేవారు.

ధాన్యం ధర పడిపోయింది. కొన్నవాళ్లు డబ్బివ్వలేదు. ఐ.పి. పెడతానని ఆయన అన్న రోజు పెద్దమ్మ అన్నం ముట్టలేదు.

"ఐ.పి. అంటే ఏంటి పెదనాన్నా?" అనడిగాను.

"ఉన్నదంతా కోర్టుకి అప్పజెప్పేయడవేనమ్మా. కోర్టు పెట్టిన రిసీవరు గారు అమ్మి, అప్పులోళ్లందరికీ రూపాయికింతని ఒకే లెక్కన పంచుతారు."

"మరి మనకేం మిగులుతుంది?"

"వంటగిన్నెలు మిగులుతాయే దొరసానీ. నీ ఇంగ్లీషు కూడానూ. దాన్నెవరూ జప్తు చెయ్యలేరు."

పెదనాన్న అందరికంటే ఎక్కువ బాకీపడింది ఒక షావుకారుకి. పిటిషన్ వెయ్యకముందే ఆయన మనిషి ఇంకో ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. నేను బస్తాల వెనక ఉన్నాను.

"ఏవండీ, పాత తేదీ వేసి మీ చేను మా షావుకారు గారికి తనఖా రాసెయ్యండి. అప్పుడది పంపకంలోకి రాదు కదండీ."

"మరి ధాన్యం అరువిచ్చిన కొల్లేటికోట రైతులకేం పంచమంటావు? బురదా?"

"వాళ్లు కోర్టు మెట్లెక్కుతారేంటండీ!"

"వాళ్ల పేర్లు నేనెక్కిస్తాగా."

"కుడిచెయ్యి సంతకానికి ఉంచుతామండీ," అని, చేతిలో ఉన్న దోనె గెడతో పెదనాన్న ఎడమచెయ్యి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. తర్వాత మోకాలు. ఆ తర్వాత ముఖం. కొడుతున్నంతసేపూ అతను 'అండీ' అనడం మానలేదు. అరవకుండా నేను ఓణీ నోట్లో కుక్కుకున్నాను.

పెదనాన్న ఆ వారమే కట్టు కట్టిన చేత్తో, కుంటుకుంటూ కోర్టుకి వెళ్లారు. బాకీ ఉన్న ప్రతివాళ్ల పేరూ రాయించి పిటిషన్ మీద సంతకం పెట్టారు. "కుడిచెయ్యి వాళ్లే భద్రంగా ఉంచారుగా," అని వకీలు గారితో నవ్వారట.

తిరిగొస్తుంటే రేవు దగ్గర మళ్లీ పట్టుకున్నారు. ఈసారి ఏ చెయ్యీ ఉంచలేదు. ఇంటికి మోసుకొచ్చేసరికి చెవిలోంచి నెత్తురు కారుతోంది. రెండు రోజులు పెద్దమ్మ పేరు తప్ప ఇంకో మాట అనలేదు. మూడోరోజు అదీ లేదు.

మనిషి పోతే పిటిషనూ పోతుందనుకున్నారు కాబోలు. పోదట. అప్పున్నవాడు చనిపోయినా ఆస్తి పంపకం ఆగదని రిసీవరు గారు పెద్దమ్మకి కబురు పెట్టారు.

నిన్న పెద్దమ్మతో రిసీవరు గారి ఆఫీసుకి వెళ్లాను. బాకీ రావలసినవాళ్లు వచ్చి చెప్పుకోవలసిన రోజు. వరండాలో ఉన్నది ఒక్కటే బల్ల. షావుకారు గారు దాని మీద అడ్డంగా కూర్చున్నారు. ఆయన మనిషి గుమ్మానికి ఆనుకుని నన్నే చూస్తున్నాడు. నేను తల దించుకున్నాను. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు కొల్లేటికోట నుంచి ఒకావిడ వచ్చింది. మోకాళ్ల దాకా బురద, చంకలో బాతుగుడ్ల బుట్ట.

"కాస్త జరగండి బాబూ. నా పేరు కూడా రాయించారంటండీ."

షావుకారు గారు కదల్లేదు. ఆవిడ బుట్టని ఆయన చెప్పుల పక్కనే దించి, బల్ల చివర మిగిలిన జానెడు చోటులో కూర్చుంది.