ఇరవై నిమిషాల గోల్‌కీపర్

జనవరి రెండో వారంలో మా బెంగళూరు క్లబ్బు నన్ను విజయవాడ జట్టుకు లోన్ మీద పంపింది. అప్పటికి నాకు ముప్పై ఒకటో ఏడు, ప్రొఫెషనల్ ఫార్వర్డ్‌గా తొమ్మిదేళ్ళ సర్వీసు. లోన్ అంటే ఆఫీసుల్లో డిప్యుటేషన్ అంటారే, దాదాపు అదే. కాంట్రాక్టు ఒక క్లబ్బులో ఉంటుంది, ఒక సీజన్ పాటు ఆట మాత్రం ఇంకో క్లబ్బుకు ఆడతాం. మా నాన్న ఈ వివరాలేవీ పెట్టుకోకుండా, అమ్మాయికి సొంతూరికి ట్రాన్స్‌ఫర్ అయిందని కంకిపాడులో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ముప్పై నాలుగేళ్ళకు రిటైరైన మనిషి ఉద్యోగ జ్ఞాపకాలు రాస్తానంటే కొందరు నవ్వుతారు. ఆ వయసుకు మిగతా ఉద్యోగాల్లో ప్రమోషన్లు మొదలవుతాయి. మా ఉద్యోగంలో మోకాళ్ళే సర్వీసు రిజిస్టరు. అవి చాలన్నాక ఎవరి సిఫార్సూ పనిచేయదు.

విజయవాడ జట్టును పెట్టింది చేపల, రొయ్యల చెరువులకు మేత అమ్మే వ్యాపారం చేసే ముగ్గురు స్నేహితులు. ఆడేది దేశంలో రెండో శ్రేణి మహిళల లీగు. జట్టులో సగం మంది బయటి రాష్ట్రాల వాళ్ళయితే మిగతా సగం మన డెల్టా అమ్మాయిలు. చల్లపల్లి, గన్నవరం, బెజవాడ వన్‌టౌన్ నుంచి వచ్చి, జీవితంలో మొదటిసారి ఆట ఆడి జీతం తీసుకుంటున్న పిల్లలు. కోచ్ ప్రసాదరావు గారు ఒక హైస్కూల్లో పీఈటీగా చేస్తూనే కోచింగ్ లైసెన్సు పరీక్షలన్నీ పాసైన మనిషి. ఆటగాళ్ళకు ఆయన మాస్టారు, ఆయనకు అందరూ అమ్మలే. భోజనాల బంతిలో ఎవరి విస్తట్లో ఏం తగ్గిందో చూసుకుంటూ తిరిగే పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు కదా, ఆయన ఆ రకం.

నన్ను కెప్టెన్ని చేశారు. తొమ్మిదో నంబరు జెర్సీ ఇచ్చారు. అది సెంటర్ ఫార్వర్డ్ నంబరు, అంటే అందరికంటే ముందు నిలబడి గోల్ వేయాల్సిన మనిషిది. మా పనిలో ఒక సుఖం ఉంది. పదిసార్లు తప్పు కొట్టి పదకొండోసారి గోల్ వేస్తే పేపర్లో పదకొండోదే పడుతుంది. గోల్‌కీపర్‌కు సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. ఈ సంగతి తెలిసి కూడా నేను మా కీపర్ రత్నకుమారిని సీజనంతా సాధించాను. ఒక గోల్ పడితే చాలు, మైదానం మధ్య నుంచే చేతులు తిప్పుతూ, ఆ బంతి కూడా ఆపలేవా అని అరిచేదాన్ని. ఆ పిల్ల తల వంచుకుని గ్లవ్స్ సర్దుకునేది. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు, కానీ గెలవడానికి అది అవసరమనుకునేదాన్ని.

మార్చి చివర గ్రూపులో ఆఖరి మ్యాచ్ విజయవాడలోనే పడింది. డ్రా చేసినా చాలు, ఫైనల్ రౌండుకు వెళతాం. ఓడితే ఇంటికే. మేత వ్యాపారులు ముందే ఏమీ దాచకుండా చెప్పేశారు. ఫైనల్ రౌండు చేరితే వచ్చే ఏడు కూడా జట్టు ఉంటుంది, చేరకపోతే మూసేస్తారు. నాకు వెనక్కి వెళ్ళడానికి బెంగళూరు ఉంది. డెల్టా పిల్లలకు ఇంకో జట్టు లేదు. రెహానా అని మా డిఫెండర్ ఉండేది. వాళ్ళ నాన్న కరీం గారు వన్‌టౌన్‌లో టైలరు, మా జెర్సీలన్నీ ఒంటికి సరిపడా కుట్టింది ఆయనే. కూతురి ఆటకు ఆయన ఇచ్చిన గడువు ఒక్క సీజన్. జట్టు నిలబడితే ఆడుకోనిస్తాను, లేకపోతే బీఈడీలో చేరాలని మా ఎదుటే చెప్పాడు.

ఇక్కడ ఒక నిబంధన చెప్పాలి. మా లీగులో ఒక జట్టు ఒక మ్యాచ్‌లో ఐదుగురి దాకా ఆటగాళ్ళను మార్చుకోవచ్చు. అయితే ఆ మార్పుల కోసం ఆటను మూడుసార్లు మాత్రమే ఆపాలి. మధ్యలో వచ్చే హాఫ్‌టైమ్‌ను లెక్కలోకి తీసుకోరు. ఒకసారి ఆపి ఇద్దరినో ముగ్గురినో కలిపి మార్చవచ్చు, ఒక్కరినే మార్చినా ఒక అవకాశం ఖర్చయినట్టే. అందుకే అనుభవమున్న కోచ్‌లు మనుషుల్ని జంటలుగా దింపుతారు, ఆఖరి అవకాశాన్ని ఆఖరిదాకా దాచుకుంటారు.

ఆ రోజు గ్యాలరీలో మా వాళ్ళ చుట్టాలే సగం. చల్లపల్లి నుంచి మా జట్టు పిల్ల హారిక ఇంటివాళ్ళు రెండు ఆటోల్లో వచ్చారు, స్టీలు క్యానులో మజ్జిగతో సహా. నేను మొదటి అర్ధభాగంలో తలతో ఒక గోల్ వేశాను. రెండో అర్ధభాగం మొదట్లోనే మా కీపర్ రత్నం చేతుల్లోంచి బంతి జారి మాకూ ఒకటి పడింది. నేను అలవాటు ప్రకారం అరిచాను. ఒకటి, ఒకటి. ఇలాగే ముగిసినా మాకు చాలు.

యాభై ఎనిమిదో నిమిషంలో మాస్టారు ఒకరిని బయటికి పిలిచి హారికను ఆటలోకి దింపారు, ఒక్కదాన్నే. గ్యాలరీలో ఈలలు. అరవై మూడులో రెహానాను దింపారు, ఆమెనూ విడిగానే. కరీం గారు లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. నేను గీత దగ్గరికి పరుగెత్తి, మాస్టారూ, ఇంకొక్కసారే ఉందండీ అన్నాను.

"ఇంకా ముగ్గురు మిగిలారు గదమ్మా, కంగారు పడమాక," అన్నారాయన.

మనుషుల లెక్కే ఆయన చూసుకుంటున్నారు, ఆపే లెక్క మరిచారు. గట్టిగా చెప్పాల్సింది నేను. చెప్పలేదు. నిజానికి ఆ చప్పట్లు నాకూ బాగున్నాయి. అరవై ఎనిమిదిలో గన్నవరం పిల్లను దింపారు, మళ్ళీ ఒక్కదాన్నే. తర్వాత ఎవరో అడిగితే ఆయన ఇచ్చిన జవాబు ఇది.

"అందర్నీ ఒక్కసారే దింపితే ఎవరి చప్పట్లు ఎవరికో తెలియవు గదండీ. పాపం అంత దూరం నుంచి వచ్చారు."

ఇలాంటి తప్పు మా జిల్లా మాస్టారే చేయగలరు. వచ్చిన చుట్టాలకు మర్యాద తక్కువ కాకుండా చూడబోయి ఆయన మూడు అవకాశాలూ పంచిపెట్టేశారు.

డెబ్బై ఒకటో నిమిషంలో అవతలి జట్టు ఫార్వర్డ్ షీబా బంతిని చాలా దగ్గర నుంచి బలంగా కొట్టింది. రత్నం ఆపింది. ఆపి, చేయి పట్టుకుని కూలబడింది. ఫిజియో గ్లవ్ విప్పి చూస్తే చూపుడు వేలు కీలు తప్పి పక్కకు తిరిగి ఉంది. వేలు సరిచేసి, పక్క వేలితో కలిపి పట్టీ వేసి, ఇక బంతి పట్టుకోకూడదని తేల్చేసింది. మా రెండో కీపర్ సోనీ అప్పటికే గ్లవ్స్ తొడుక్కుని గీత పక్కకు వచ్చి గెంతుతోంది. నాలుగో అఫీషియల్, అంటే గీత బయట బోర్డు పట్టుకుని ఉండే ఆయన, తన కాగితం చూసుకుని తల అడ్డంగా ఊపాడు. మాస్టారు అప్పుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు, ఆట ఆపే అవకాశాలు మూడూ అయిపోయాయి. తలకు దెబ్బ తగిలితే వేరే నిబంధన ఉంది, వేలికి లేదు. ఇద్దరు మనుషులు బెంచీ మీద ఉన్నారు, వారిలో ఒకరు కీపరే, అయినా దింపడానికి వీల్లేదు.

మైదానంలో ఉన్నవాళ్ళలోనే ఒకరు గోల్‌లో నిలబడాలి. ఇలాంటి అవసరానికి ప్రతి జట్టూ ఒకరిని ముందే అనుకుని ఉంచుకుంటుంది. మేం అనుకోలేదు. అందరికంటే పొడుగు నేనే. అందరికంటే ఎక్కువగా కీపర్‌కు పాఠాలు చెప్పిందీ నేనే. పిల్లలందరూ నావైపు చూశారు. నేనే వెళ్ళి రిఫరీకి చెప్పాను. ఆవిడ పుస్తకంలో రాసుకుంది. సోనీ తన జెర్సీ విప్పి, గ్లవ్స్ తీసి నా చేతిలో పెట్టింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, సీజనంతా ఎదురుచూసిన ఛాన్సు అది మరి. వెనక నంబరు మీద టేపు అంటించి తొమ్మిది వేశారు. భుజాల దగ్గర బాగా బిగుతు. గోల్ వెనక గ్యాలరీలోకి వచ్చి కూర్చున్న కరీం గారు చూసి, "అయిపోయాక ఇటివ్వమ్మా, కుట్టు వదులు చేసిపెడతాను," అన్నాడు.

రత్నం బయటికి వెళ్ళనంది. "కాళ్ళు బానే ఉన్నాయిగా అక్కా, నేను ముందర నిలబడతా," అంది. పట్టీ మీద మెత్త చుట్టించి, మిగతా జట్టు రంగు జెర్సీ వేయించి రిఫరీ ఒప్పుకుంది. అలా మా కీపర్ సెంటర్ ఫార్వర్డ్ అయింది, సెంటర్ ఫార్వర్డ్ కీపర్ అయింది.

గోల్‌లోకి వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. తొమ్మిదేళ్ళుగా నాకు ఎదురుగా ఇరుగ్గా కనిపించిన గోల్ అది. లోపల నిలబడితే కళ్యాణ మండపమంత ఉంది. ఏ పక్కకు చేయి చాపినా స్తంభం అందదు. మొదటి క్రాస్, అంటే మైదానం పక్క నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి, గాల్లో వచ్చింది. ముందుకు దూకి గుద్దుదామని వెళ్ళాను, నా పిడికిలికి గాలి తగిలింది. బంతి నా వెనక ఎవరి తలకో తగిలి గోల్‌లోకి పోతుంటే రెహానా గీత మీద నుంచి తన్నేసింది.

"అక్కా, మీరు లోపలే ఉండండి, ప్లీజ్," అంది రొప్పుతూ. సీజన్ మొత్తంలో నాకు ఎదురు చెప్పిన మొదటి మాట అది. నేను బుద్ధిగా లోపలే ఉన్నాను.

అవతల రత్నం పట్టీ కట్టిన చేతిని పైకెత్తి పట్టుకుని పరుగెడుతోంది. అవతలి డిఫెండర్లను దాటి ముందే వెళ్ళి నిలబడి రెండుసార్లు ఆఫ్‌సైడ్‌లో దొరికింది. రెండుసార్లూ నావైపు చూసి నాలుక కరుచుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆ స్థితిలో నవ్వు రావడమేమిటో నాకే అర్థం కాలేదు. బహుశా చిన్నప్పుడు ఆడిన తర్వాత నాకు అంత భయమూ అంత సరదా కలిసి ఎప్పుడూ కలగలేదు.

ఎనభై తొమ్మిదో నిమిషంలో హారిక మా పెనాల్టీ ఏరియాలో షీబా కాలికి కాలు అడ్డం పెట్టింది. రిఫరీ ఈల వేసి పెనాల్టీ ఇచ్చింది. పెనాల్టీ కొట్టడానికి షీబాయే వచ్చింది. ఈ షీబా కేరళ అమ్మాయి, వేరే క్లబ్బులో రెండు సీజన్లు నా రూమ్మేట్. పెనాల్టీ ఎప్పుడూ కీపర్ కుడివైపే కొడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. బంతిని చుక్క మీద పెడుతూ నా గ్లవ్స్ వైపు చూసి నవ్వింది. అలవాటు మార్చుకుంటుందా, మార్చుకోదా అని ఆలోచించి, మార్చుకోదని తేల్చుకున్నాను. కుడివైపు దూకాలి, కొట్టే క్షణం దాకా ఒక కాలైనా గీత మీద ఉండాలి. అంతా లెక్క ప్రకారం మనసులో సిద్ధం చేసుకున్నాను.

ఈల వేశారు. షీబా కదిలింది. నా మనసు కుడివైపు దూకింది. కాళ్ళు మాత్రం రాలేదు. భయంతో బిగుసుకుపోయి, చేతులు రెండూ పక్కలకు చాపి అలాగే నిలబడిపోయాను. షీబా ఆఖరి అడుగులో తలెత్తి నన్ను చూసింది, ఒక్క క్షణం తడబడింది, బంతిని సరిగ్గా మధ్యకు కొట్టింది. అది వచ్చి నా మోకాలి చిప్పకు తగిలి ఎదురు వెళ్ళింది. రెహానా దాన్ని తన్నిన తన్నుకు గ్యాలరీలో మజ్జిగ క్యాను దొర్లిపోయింది. అదనపు నిమిషాలు నాలుగూ ఎలా గడిచాయో చెప్పలేను. ఒకటి, ఒకటి దగ్గర ఆట ముగిసింది.

మాస్టారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నా తప్పు నువ్వు కాశావమ్మా," అన్నారు. విలేకరులతో మాత్రం, చివరిదాకా కదలకుండా నిలబడటమంటే మాటలా, అదండీ అనుభవమంటే అని చెప్పారు. మర్నాడు జిల్లా పేజీలో నేను వ్యూహాత్మకంగా నిలబడ్డానని వేశారు. షీబా కూడా అదే నమ్మింది. నువ్వు కదలకపోయేసరికి నా లెక్క మొత్తం నువ్వు చదివేశావనుకున్నాను, చేతులెత్తేశాను అని చెప్పింది. నేను ఎవరి మాటా కాదనలేదు. పొగడ్తను కాదనే అలవాటు ఫార్వర్డ్‌లకు ఉండదు.

ఫైనల్ రౌండులో మేం గెలిచింది ఒక్క మ్యాచే. అయినా మేత వ్యాపారులు మాట నిలబెట్టుకున్నారు, జట్టు నిలిచింది. కరీం గారు బీఈడీ ఊసు ఎత్తలేదు. ప్రసాదరావు గారు ఆటగాళ్ళను జంటలుగా దింపడం మొదలుపెట్టారు, చుట్టాలను మ్యాచ్ అయ్యాక మైదానంలోకి పిలిచి విడివిడిగా ఫోటోలు తీయించారు. రత్నం మీద నేను మళ్ళీ అరవలేదు. అరవబోయి ఆగిన సందర్భాలు మాత్రం ఉన్నాయి, ఒప్పుకుంటాను.

వృత్తిపరంగా నేను నేర్చుకున్నది వేరే ఉంది. దూకే కీపర్లంటే నాకెప్పుడూ లెక్క లేదు. నేను భయపడింది కదలకుండా నిలబడే కీపర్లకు. వాళ్ళు నా మనసు చదివేశారనుకునేదాన్ని. తొమ్మిదేళ్ళలో నేను పోగొట్టుకున్న పెనాల్టీలు ఎక్కువగా అలాంటి వాళ్ళ ఎదుటే, ఆఖరి అడుగులో తడబడి. ఆ మ్యాచ్ తర్వాత మరో మూడు సీజన్లు ఆడాను. ఎదురుగా కీపర్ రాయిలా నిలబడితే, ఈమెకూ కాళ్ళు రావడం లేదేమో అనుకుని, ముందు అనుకున్న మూలకే కొట్టేదాన్ని. చాలాసార్లు ఆ అమ్మాయి అక్కడే నిలబడి ఉండేది, బంతి లోపలికి వెళ్ళేది.