రెండు జడల ఇంటర్మీడియట్

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా నాయనమ్మ పగలబడి నవ్వుతుంది. "నిన్న గాక మొన్న పుట్టినావు, నీకూ ఆ రోజులేనేటే?" అంటుంది. నవ్వనివ్వండి. ఇంటర్మీడియట్ చదువుతూ కూడా రెండు జడలు మడిచి, ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, ఆరో తరగతి పిల్లల వెనకాల నిలబడి ప్రేయరు చేసిన రోజులు నాకున్నాయి. కాబట్టి ఆ మాట అనే హక్కు నాకు పూర్తిగా ఉంది. కాదనేవాళ్ళెవరో ముందుకు రమ్మనండి.

నర్సీపట్నంలో నేను పదో తరగతి పాసైన ఏడాదే మా హైస్కూలుకి 'ప్లస్' అని ఒక తోక తగిలించారు. అంటే ఆడపిల్లలకి అదే ఆవరణలో ఇంటర్ కూడా చెబుతారన్నమాట. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని గోడ మీద పచ్చరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాయించారు. ల్యాబ్ కూడా ఉందన్నారు (ఉంది. అంతకుముందు మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టుకున్న గది అది. మైక్రోస్కోపు కింద మేం మొట్టమొదట చూసిన జీవి బియ్యం పురుగే). పాఠాలు చెప్పేది మమ్మల్ని పదేళ్ళప్పటి నుంచి ఎరిగిన టీచర్లే. సాయంత్రం షేర్ ఆటో ఎక్కితే చీకటి పడేలోగా కృష్ణదేవిపేట దారిలో ఉన్న మా ఊరు చేరిపోవచ్చు. నాకు బైపీసీ చదవాలని, నర్సునవ్వాలని పిచ్చి. ప్రైవేటు కాలేజీ ఫీజులు కట్టే స్తోమత లేదు, నాన్నేమో ఆడపిల్లని హాస్టల్లో పెట్టే మనిషి కాదు. ఆ తోక తగిలించకపోయి ఉంటే నా చదువు మా జీడితోటలోనే ఆగిపోయి ఉండేది.

ఆగిపోతే బాగుండునని గట్టిగా కోరుకున్న మనిషి మా మేనత్త. ఆవిడది రావికమతం. నేనంటే ప్రాణం పెడుతుంది, అందుకని నా పెళ్ళి తన చేతుల మీదుగానే జరగాలని ఆవిడ పట్టుదల. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఒక చేత్తో స్వీట్ ప్యాకెట్టూ, ఇంకో చేత్తో ఎవరిదో అబ్బాయి ఫోటో పట్టుకుని దిగింది. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి కుదరదత్తా, చట్టం ఉంది అంటే, "మాటనుకుంటే తప్పేటే? లగ్గం తరవాతే పెట్టుకుందాం" అంది. నాన్న మాత్రం, "పిల్ల బడికెల్తన్నన్నాళ్ళూ పెళ్ళి మాటెత్తొద్దక్కా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మా నాన్న మాటంటే మాటే. చిక్కేమిటంటే, ఆ మాటని మా అత్త కూడా అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంది.

నేను మాత్రం గుర్తుపెట్టుకోలేదు. నా గొడవంతా జడల గురించే. ఆటో స్టాండు దగ్గర ప్రైవేటు కాలేజీ పిల్లలు ఒంటి జడ ముందుకేసుకుని, మెళ్ళో ఐడీ కార్డులు ఊపుకుంటూ నిలబడేవాళ్ళు. ఒకరోజు వాళ్ళలో ఒకమ్మాయి నా రిబ్బన్లు చూసి, "ఏ క్లాసమ్మా, ఎనిమిదా?" అంది, పైగా నా బుగ్గ గిల్లబోయింది! నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు నెత్తికెక్కింది. మర్నాడే మా క్లాసు మొత్తాన్ని కూడగట్టాను. రిబ్బన్లు కట్టం, ప్రేయరుకి రాం, మేం కాలేజీ స్టూడెంట్లం అని వరండాలో బైఠాయించాం. మా హెడ్మాస్టరుగారిని పిల్లలంతా ప్రేయరు మేష్టారు అనేవాళ్ళు (వర్షం పడితే క్లాసులు మానేయించేవారు గాని ప్రేయరు మాత్రం గొడుగుల కింద చేయించేవారు). ఆయన నచ్చజెప్పారు, కసిరారు, చివరికి బతిమాలారు. "ఈ గేటు లోపల ఉన్నన్నాళ్ళూ అందరూ బడి పిల్లలేనమ్మా" అనేవారు. "మాది కాలేజీ సార్!" అని నేను అరిచేదాన్ని. ఆ వారమంతా ఇదే వరస. శనివారం నాటికి ఆయన విసిగిపోయి, "సరే తల్లీ, మీది కాలేజీయే. సోమవారం నుంచి ఒంటి జడ. ప్రేయరుకి రావడం మానడం మీ ఇష్టం" అనేశారు.

ఇంక చూడండి నా సంబరం! ఆటోలోనే రిబ్బన్లు పీకేసి, ఒంటి జడ అల్లుకుని, స్టాండులో కొన్న కనకాంబరాలు తురుముకుని, యుద్ధం గెలిచిన రాణిలా ఇంట్లో అడుగుపెట్టాను. ఎదురుగా మంచం మీద మా అత్త.

"ఓలమ్మో, ఒంటి జడేసీసినావేటే! బడి అయిపోనాదా?"

"బడి కాదత్తా, మాది కాలేజీ. మా హెడ్మాస్టరే ఒప్పుకున్నారు" అన్నాను గొప్పగా.

"ఇన్నావా తమ్ముడా? పిల్ల నోటితోనే సెప్పింది. బడి అయిపోనాదంట. మరింక నీ మాట తీరిపోయినట్టే. వొచ్చే ఆదివారం ఆళ్ళని పిల్లని సూసుకోడానికి రమ్మంటాను" అంది.

"బడన్నాను గానీ కాలేజీ అన్లేదు కదే..." అని నాన్న నా వైపు దిగాలుగా చూశాడు. ఆదివారం వాళ్ళొస్తారు, మాటనుకుంటారు, ఆ తర్వాత ఇంక ఎవరి చదువు, ఎక్కడి నర్సు? గబగబా లోపలికి పోయి కనకాంబరాలు తీసి విసిరేశాను. రెండు జడలు అల్లి, రిబ్బన్లు ముడేసి, బయటికొచ్చి అత్త ముందు నిలబడి, "బడే" అన్నాను.

అత్త నవ్వింది. "జడలేసుకుంటే బడయిపోద్దేటే? సోమారం నేనే వొచ్చి మీ మేష్టార్ని అడుగుతాను."

సోమవారం వరండాలో మా క్లాసంతా ఒంటి జడలతో కళకళలాడిపోతోంది. రిబ్బన్లు నా ఒక్కదానికే. "లీడరే పార్టీ మార్చీసిందర్రా!" అని ఒకటే గోల. "మా అత్త వొస్తంది. ఇది కాలేజీ అని తేలిపోతే నా సదువు అయిపోయినట్టే" అని మాత్రం చెప్పి, వెళ్ళి ప్రేయరు లైన్లో ఆరో తరగతి పిల్లల వెనక నిలబడ్డాను. సిగ్గుగానే ఉంది. అయినా తల దించలేదు. ఇంతలో గేటు దగ్గర గొడుగు కనిపించింది. గొడుగు కింద అత్త, వెనకాల నాన్న.

"బాబూ, నిజం సెప్పండి. ఇది బడా, కాలేజీయా?" అని అత్త అందరి ముందూ అడిగేసింది.

ప్రేయరు మేష్టారు నా వైపు చూశారు. వారం పాటు ఆయన్ని నేను పెట్టిన తిప్పలన్నీ ఆయన ముఖంలో కనిపించాయి. నేను కూడా కళ్ళు తిప్పకుండా ఆయన్నే చూశాను. ఆయన గొంతు సవరించుకుని, "ఈ గేటు లోపల ఉన్నన్నాళ్ళూ అందరూ బడి పిల్లలేనండీ" అన్నారు.

"మరి ఆ ఒంటి జడల పిల్లలెవులు?" అంటూ అత్త వరండా వైపు తిరిగింది. తిరిగేసరికి అక్కడ ఎవరూ లేరు. మా క్లాసు పిల్లలు ఎనిమిదో తరగతి వాళ్ళ దగ్గర తలో రిబ్బనూ లాక్కుని, ఒకటి మడిచీ ఒకటి మడవకా, రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చి నా వెనకాల వరసలో నిలబడ్డారు. ఒకత్తి రిబ్బను దొరక్క చున్నీ అంచుతో కట్టుకుంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ప్రతిజ్ఞ చెప్పించమని మేష్టారు నన్నే పిలిచారు. మైకు అక్కర్లేకుండా స్టాండు దాకా వినపడేలా చెప్పాను.

అయ్యాక నేరుగా అత్త దగ్గరికి వెళ్ళాను. "ఇంకా రెండేళ్ళు నేను బడి పిల్లనే అత్తా. ఈలోగా ఎవుల్ని తెచ్చినా సరే, ఈ రిబ్బన్లతోనే వొచ్చి కూకుంటాను. ప్రతిజ్ఞ కూడా సెప్పి ఇనిపిస్తాను."

"ఒలే, నీ నోరు పాడుగాను!" అంది అత్త. "బడే అక్కా, ప్రేయరు ఇన్నావు కదా" అన్నాడు నాన్న, రెండ్రోజుల తర్వాత తలెత్తుకుని. అత్త నన్ను ఎగాదిగా చూసి, దగ్గరికి లాక్కుంది. "ఎడం పక్క జారిపోతంది, బిగించి కట్టుకోవేటి?" అంటూ నా రిబ్బను తనే విప్పి మళ్ళీ కట్టి, గొడుగేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రెండేళ్ళూ మా క్లాసులో ఎవరూ ఒంటి జడ మాట ఎత్తలేదు. ఆటో స్టాండులో ఎవరైనా ఏ క్లాసమ్మా అని అడిగితే, "ఎనిమిదే, మీకేటి?" అని అందరం ఒక్క గొంతుతో అనేవాళ్ళం. ఇంటరయ్యాక నాన్నకి కూడా ధైర్యం చిక్కి, నన్ను తనే తీసుకెళ్ళి నర్సింగు హాస్టల్లో దింపాడు. ఇప్పుడు విశాఖపట్నంలో నర్సింగు చదువుతున్నాను. జుట్టు ముడేసి క్యాప్ కింద దాచుకోవాలి, ఒంటి జడకి కూడా దిక్కు లేదు. మొన్న వార్డు డ్యూటీ దిగి బయటికొస్తుంటే అత్త ఫోన్ చేసింది.

"సదువు అయిపోనాదేటే?"

"లేదత్తా. మా గేటు మీద స్కూల్ ఆఫ్ నర్సింగ్ అని రాసుంటాది. కావాలంటే వొచ్చి సూసుకో. ఇంకా బడే."

అవతల అత్త నవ్వడం వినిపించింది. "రిబ్బను బిగించి కట్టుకో మరి" అని ఫోన్ పెట్టేసింది. నేను కారిడార్లో నిలబడి, చెయ్యి ఎడం పక్కకే పోతే, అక్కడ లేని రిబ్బనుని సరిచేసుకుని నవ్వుకున్నాను.