నిప్పు ముట్టించే పిల్ల కోసం నందపూర్ దాకా

కోరాపుట్ కొండల్లోని నందపూర్‌లో ఏడేళ్ల గౌరి ప్రమాదకరమైన మనిషని మా ప్రశ్నావళి తేల్చింది. అంతటి మనిషిని కళ్లారా చూద్దామని బయల్దేరాను. 2003లో, సైకాలజీ ఎం.ఏ. పట్టా తడి ఆరకముందే, సిమిలిగుడ దగ్గరి ఫ్యాక్టరీ టౌన్‌షిప్ బడిలో చేరబోయే పిల్లల ప్రవర్తన కొలిచే ఉద్యోగం దొరికింది నాకు. ప్రతి చెడ్డ అలవాటుకీ ఒక మార్కు. ఇరవై దాటితే సీటు లేదు. పాత బడి టీచరు నింపిన కాగితంలో గౌరికి ఇరవై ఆరు. తల్లిని కూడా అడిగి, ఆ కాగితం సాయంత్రంలోగా బడికి అప్పగించాలి.

విశాఖ నుంచి వచ్చేవారు కిరండూల్ పాసింజర్‌లో కోరాపుట్ దిగి, బస్సులో సిమిలిగుడ చేరాలి. అక్కడ పొద్దున ఏడింటికి నందపూర్ బస్సు, టికెట్టు పదిహేను రూపాయలు. సంత రోజు కావడంతో కిటికీ సీటులో అల్లం బస్తా కూర్చుంది, నేను నిలబడ్డాను. డ్రైవరు విజయనగరం వైపు మనిషి.

"ఏటి బాబూ, ఇనస్పెట్రువా?"

"పిల్లల ప్రవర్తన కొలుస్తాను."

"దానికీ మీటరున్నాదేటి!" అని బస్సంతా వినిపించేలా నవ్వాడు.

ఎనిమిదిన్నరకి సంతలో దిగాను. గౌరి తల్లి నీలమ్మ అక్కడ బజ్జీల దుకాణం నడుపుతుంది. శాస్త్రం తరఫున గంభీరంగా బల్ల మీద కూర్చుని మొదలుపెట్టాను.

"పాప నిప్పు జోలికి వెళ్తుందా?"

"ఎల్లకపోతే పొయ్యెవులు ముట్టిస్తారు? అమ్మీ, ఊదు!" గౌరి గొట్టంతో పొయ్యి ఊదింది. ఒక మార్కు.

"కత్తి పట్టుకుంటుందా?"

"ఉల్లిపాయలు కోస్తాది." ఇంకో మార్కు.

"చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్తుందా?"

"నీళ్లకెల్తాది. సెప్పడానికి నేనింట్లో ఉంటే గదా!"

మార్కులు పెరుగుతున్నకొద్దీ నా గాంభీర్యం తగ్గుతోంది. నీలమ్మ గరిటె ఆపింది. "మరి టౌన్‌షిప్ పిల్లలేటి సేస్తారు బాబూ?"

"ఏమీ చేయరమ్మా. అందుకే వాళ్లకి సున్నాలు."

"అయితే అన్నిటికీ లేదని రాసెయ్యి. దాని సదువు పోకూడదు."

పెన్ను నిజంగానే అటు జారింది. అబద్ధం రాస్తే గౌరి ఒక్కతే గట్టెక్కుతుంది, తర్వాత వచ్చే పిల్ల మళ్లీ ఇదే కాగితానికి దొరికిపోతుంది. అందుకే అవునన్న ప్రతిచోటా పక్కన ఎందుకో రాశాను. గౌరి రెండు బజ్జీలు పొట్లం కట్టి ఇచ్చింది. తెలియనివాళ్లతో చనువు: దానికీ మార్కుంది.

పన్నెండింటి బస్సెక్కి రెండింటికి బడిలో ఉన్నాను. అడ్మిషన్లు చూసే మేడం శ్రీకాకుళం ఆవిడ. కాగితం అంచుల్లో రాసినదంతా చదివి, కళ్లజోడు తీసింది.

"మావాడికి పదకొండేళ్లు. పొద్దున్నే వాడికి బూటు లేసు కట్టి వచ్చేను. ఈ ప్రశ్నలకి వాడు బంగారం!" సంతకం పెట్టేసింది. "జూన్‌లో పంపమను. ఇకమీదట అంచుల్లో రాయకుండా కాగితం తెస్తే తీసుకోను."

బయటికొచ్చి, గౌరి ఇచ్చిన బజ్జీలు అప్పుడు తిన్నాను. నందపూర్ కిరాణా షావుకారు ఫోనుకి కబురు చేస్తే నీలమ్మ పరుగున వచ్చింది. "సీటొచ్చేసిందా! అయ్యబాబోయ్!" అని కేక పెట్టింది. తర్వాత, "మరి సంత రోజున పొయ్యెవులు ముట్టిస్తారో" అంది, నవ్వుతూనే.

ఆ ప్రశ్నలు రాసినవారి ఇంట్లో గ్యాసు పొయ్యి, కుళాయి, పగలు ఇంట్లో ఉండే తల్లి ఉండి ఉండాలి. అందులో తప్పేం లేదు; ఆ ఇంటిని అందరి ఇల్లనుకోవడమే తప్పు. మీరూ ఇలాంటి కాగితంతో ఈ కొండలెక్కితే సంత రోజునే వెళ్లండి, మొదటి అరగంట పెన్ను జేబులోంచి తీయకండి.