ఆపకూడని ఇసుక

మా ల్యాబులో అందరూ ఆయన్ని ఇసుకన్న అంటారు. భూమి లోపల నీళ్లు ఎలా నడుస్తాయో చూడటానికి మనిషెత్తు అద్దాల తొట్టె ఒకటి కట్టారు. అందులో ఇసుక నింపేది ఆయన. దాని గోడలకు నీటి ఒత్తిడి కొలిచే గేజీలు, సన్నని గొట్టాలు బిగించేదాన్ని నేను. నేను బిగించాలి, ఆయన నింపాలి, ఏదో ఒకటి చెడాలి, ఇద్దరం కలిసి మొత్తం తోడిపోసుకోవాలి. ఇదీ మా బతుకు!

మొదటిసారి నా గేజీ ఒకటి కారింది. రెండోసారి ఇసుకలో గాలి బుడగలు చిక్కుకున్నాయి. అప్పటికే ఆయన నడుము పడిపోయింది. "ఇంకోసారి తోడమంటే నన్ను కూడా ఇందులోనే పూడ్చేయండమ్మా" అన్నాడు. నవ్వే ఓపిక ఎవరికుంది?

ఈ పనిలో ఒక పితలాటకం ఉంది. నీళ్లలోకి ఇసుక పోస్తూనే ఉండాలి. మధ్యలో ఆపితే నీళ్లలో తేలే దుమ్ము దిగి పొరలా పేరుకుంటుంది. ఆ పొర దగ్గర నీళ్లు దారి మళ్లుతాయి, లెక్కలన్నీ తప్పుతాయి. చెయ్యి మారితే పోత మారుతుందని ఇసుక పోసే డబ్బా ఇంకెవరికీ ఇవ్వడు కూడా.

మూడోసారి సగం నిండాక, వాళ్లింటి నుంచి వదిన ఆయనకు ఫోన్ చేసింది. ఆయన చేతులు ఖాళీ లేవని నేనే స్పీకరు పెట్టి పట్టుకున్నాను.

"ఏవండీ, మామయ్యగారికి తెలివొచ్చింది. మా వాడేడీ అని అడుగుతున్నారు. త్వరగా రండి, ఎంతసేపుంటుందో ఏమో!"

ఆయన తండ్రికి మతిమరుపు ముదిరి ఏడాది దాటింది. కన్నకొడుకుని చూసి ఎవరో కాంపౌండరు అనుకుంటాడు. "రండి, కూర్చోండి, మీరు భోంచేశారా?" అని మర్యాద చేస్తాడట. ఆ 'మీరు' విన్నప్పుడల్లా ప్రాణం పోయినట్టుంటుందని ఇసుకన్న ఒకసారి నా దగ్గర ఏడ్చాడు.

"ఇంకా నిలబడ్డావేంటన్నా? వెళ్లు!"

"సగంలో ఉందమ్మా. ఆపితే మళ్లీ అంతా తోడాలి. నా వల్ల కాదు."

"తగలెయ్యి ఆ ఇసుకని! పెద్దసారుతో నేను మాట్లాడతా. కదులు ముందు!" నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంకో నాలుగు డబ్బాలు పోశాడు. తర్వాత డబ్బా నేలకేసి కొట్టి, తడి బట్టలతోనే పరిగెత్తాడు. నేను తొట్టె ముందు కూలబడ్డాను. దుమ్ము తీరిగ్గా దిగుతోంది. పెద్దసారు వచ్చి చూసి, తల పట్టుకుని వెళ్లిపోయాడు. తిట్టే ఓపిక ఆయనకూ అయిపోయింది పాపం.

మర్నాడు నేను వెళ్లేసరికి ఇసుకన్న నీళ్లు బయటికి వదిలేసి, తొట్టెలో దిగి, ఒక్కడే ఇసుక తోడుతున్నాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. నాకు భయమేసింది.

"మీ నాన్న గుర్తుపట్టాడా అన్నా?"

"గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, నా తడి బట్టలు చూసి, 'ఏరా వెధవా, పని నడిమధ్యలో వదిలేసి వస్తావా? బుద్ధుందా నీకు?' అని అందుకున్నాడు. ఎదురుగా నిలబెట్టి మరీ తిట్టాడమ్మా!"

"తర్వాత?"

"తర్వాత నిద్రపోయాడు. లేచాక మళ్లీ 'మీరు' అన్నాడు."

పార మీద వాలి, నడుము పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఏడాదైందమ్మా, నన్ను ఎవరైనా అలా తిట్టి."